ఆచార్య రంగాగారి పక్షాంతరములు

మన పట్టణములందలి పఠనమందిరములలో ఎన్నికల ప్రస్తావన వచ్చినప్పుడెల్ల రెండు మాటలు తప్పక వినవచ్చుచుండును. చిన్నపక్షమునకు ఓటు వేయుట ఏటిలో చింతపండు పిసికినట్లే యని మొదటి మాట. పక్షము మార్చినవాడు నమ్మదగినవాడు కాడని రెండవ మాట. ఈ రెండును సామెతలవలె జనుల నోళ్లలో నానుచున్నవి. సామెతలవలెనే విచారణ లేకుండ చెల్లుబడి యగుచున్నవి. న్యాయవాదవృత్తిలో నున్నవారము గనుక విచారణ లేని తీర్పునకు మేము తల యొగ్గజాలము. ఈ రెండు ఆరోపణలకును ఒక్కమారే గురియైన నాయకుని ఒకరిని మన ముందు నిలుపుకొని, సాక్ష్యమును పరిశీలించి, ఆపైన తీర్పు చెప్పుకొందము. ఆ నాయకులు ఆచార్య గోగినేని రంగనాయకులుగారు. లోకమెరిగిన పేరు ఎన్. జి. రంగా.

రంగాగారు 1900 సంవత్సరము నవంబరు 7వ తేదీన గుంటూరు మండలమందలి నిడుబ్రోలులో రైతుకుటుంబమున జన్మించిరి. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున అర్థశాస్త్రము చదివి, మద్రాసు పచ్చయప్ప కళాశాలలో ఆచార్యులుగా పనిచేసిరి. 1930లో కేంద్ర శాసనసభలో అడుగుపెట్టిరి. అది మొదలు 1991లో తొమ్మిదవ లోకసభ రద్దగువరకు, నడుమ కొన్ని విరామములున్నను, ఆరు దశాబ్దములపాటు ఢిల్లీ చట్టసభలతో వారికి సంబంధము తెగలేదు. ఇంత దీర్ఘకాలము చట్టసభల నంటిపెట్టుకొనియున్న భారతీయుడు మరియొకడు అరుదు. అట్లుండియు రంగాగారు ఒక్కనాడును కేంద్రమంత్రి పదవిని అలంకరింపలేదు. ఒకటికి రెండు పక్షములను స్థాపించుటలో భాగస్వాములై, రెండింటిని కన్నులయెదుటనే అస్తమించుట చూచిరి. కాంగ్రెసును రెండుమారులు విడిచిరి. రెండుమారులు తిరిగి చేరిరి. ఇది యంతయు జమాఖర్చులు వ్రాయువానికి నష్టపుపద్దుగానే కనిపించును. ఆ లెక్క సరియైనదా యన్నదే మా విచారణ.

మొదట వారి సాధన యెట్టిదో చూడుడు. 1930-40 మధ్యకాలమున ఆంధ్రదేశపు పల్లెలలో జమీందారీ శిస్తుల బరువు సామాన్యమైనది కాదు. పట్టణపు న్యాయవాదులును విద్యావంతులును స్వరాజ్యమును గూర్చి ఉపన్యసించుచుండిన కాలమున, రైతు తనంతట తాను సంఘముగా నిలువవలెనని బోధించినవారిలో రంగాగారు అగ్రగణ్యులు. నిడుబ్రోలులో రైతుబిడ్డలకు రాజకీయశిక్షణ నిచ్చుటకై విద్యాలయమును నెలకొల్పిరి. 1936లో లక్నోయందు అఖిలభారత కిసాన్ సభ ఏర్పడినప్పుడు స్వామి సహజానంద సరస్వతి అధ్యక్షులుకాగా, రంగాగారు ప్రధాన కార్యదర్శులైరి. 1948లో మద్రాసు శాసనసభ జమీందారీలను రద్దుచేసి, వాటిని రైతువారీలోనికి మార్చు చట్టమును చేసినప్పుడు, ఆ చట్టము వెనుక పదునైదు ఏండ్ల రైతుసంఘముల శ్రమ కలదని ఆనాటి చరిత్ర నెరిగినవారందరును ఒప్పుకొందురు. రాజ్యాంగ నిర్ణయసభలోనున్న కాలమున, ఈ దేశమునందలి నిజమైన అల్పసంఖ్యాకులు ఎవరన్న ప్రశ్నను లేవనెత్తి, నోరులేని సామాన్య గ్రామీణజనులే యని వాదించిన వారును రంగాగారే.

ఇక పక్షాంతరముల మాట. 1951లో ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు సంఘపు అధ్యక్షపదవికి జరిగిన పోటీలో రంగాగారు నీలం సంజీవరెడ్డిగారి చేతిలో ఓడిపోయిరి. ఆ సంవత్సరముననే కాంగ్రెసును విడిచి కృషికార్ లోక్ పక్షమును స్థాపించిరి. పదవి దక్కలేదు గనుక పక్షమును విడిచిరని విమర్శకులు అనిరి. ఈ విమర్శలో సత్యము లేదని మేము అనము; వరుసగా జరిగిన రెండు సంఘటనలను విడదీసి చూపుట వకీలు నేర్పు అగునేమోగాని న్యాయము కాదు. అయినను విమర్శకులు మరచునది ఒకటి కలదు. కోపముతో ఇల్లు విడిచినవాడు సాధారణముగా పెద్ద యింటికి పోవును. రంగాగారు పోయినది గోడలు లేవని యింటికి. 1952 ఎన్నికలలో మద్రాసు శాసనసభయందు వారి పక్షమునకు లభించినవి 15 స్థానములు మాత్రమే. దేశమంతట నెహ్రూగారి పేరు మంత్రమువలె పనిచేయుచుండిన దినములవి.

1955 ఫిబ్రవరిలో ఆంధ్రరాష్ట్రమున మధ్యకాలపు ఎన్నికలు వచ్చినప్పుడు, కమ్యూనిస్టులు అధికారమునకు వత్తురన్న భయమున కాంగ్రెసు, కృషికార్ లోక్ పక్షము, ప్రజాపక్షము ఐక్యకూటమిగా ఏర్పడినవి. 196 స్థానములలో ఆ కూటమికి 146 దక్కినవి. అందులో కృషికార్ లోక్ పక్షపు భాగము 22. కమ్యూనిస్టులు 15 స్థానములకు దిగిపోయిరి. బెజవాడ గోపాలరెడ్డిగారు ముఖ్యమంత్రులైరి. రంగాగారు మరల కాంగ్రెసున చేరిరి. 1957లో తెనాలినుండి కాంగ్రెసు పక్షమున లోకసభకు ఎన్నికైరి. ఇది మొదటి పునరాగమనము. కమ్యూనిస్టులు దీనిని ద్రోహమనిరి. కాంగ్రెసువారు ఇంటికి తిరిగివచ్చిన బిడ్డ యనిరి. ఎవరి యవసరమునకు తగిన మాట వారు అనుకొనిరి.

విచారణలో ముఖ్యమైన సాక్ష్యము తరువాతి ఘట్టమున నున్నది. 1959 జనవరిలో నాగపురమున జరిగిన కాంగ్రెసు మహాసభ, భావికాలపు వ్యవసాయము సహకార సమష్టి సేద్యముగా నుండవలెనని తీర్మానించినది. రైతు తన పొలమునకు హక్కుదారుగా నుండియు, పొలములన్నియు కలిపి దున్నవలెనని దాని సారాంశము. అప్పుడు రంగాగారు కాంగ్రెసు పార్లమెంటరీ పక్షపు కార్యదర్శులు. మరికొంతకాలము మౌనము వహించినచో పెద్దపదవులు వారిని వెదకుకొనుచు వచ్చెడివేమో. ఆ తీర్మానము రైతును తన పొలమునందే కూలివానిగా మార్చునని చెప్పి రంగాగారు రాజీనామా నిచ్చిరి. ఆ సంవత్సరము జూనులో మద్రాసునందు రాజాజీగారి ఆశీస్సులతో స్వతంత్రపక్షము పుట్టినది. మినూ మసానీగారు, మున్షీగారు అందుచేరిరి. మొదటి అధ్యక్షులు రంగాగారు. ఏబది యెనిమిదేండ్ల వయసున, అధికారపక్షపు కార్యాలయమును విడిచి, జెండా ఇంకను కుట్టని పక్షమునకు అధ్యక్షుడగుటలో స్వార్థ మెక్కడనున్నదో విమర్శకులే చూపవలెను.

దాని మూల్యమును ఓటర్లు వెంటనే వసూలు చేసిరి. 1962లో రంగాగారు తెనాలియందు ఓడిపోయిరి. చిత్తూరు లోకసభస్థానము ఖాళీ కాగా, ఆ సంవత్సరముననే జరిగిన ఉపఎన్నికలో నిలిచి గెలిచిరి. 1967లో చిత్తూరునందును ఓడిరి. విచిత్రమేమన, ఆ యెన్నికలలోనే స్వతంత్రపక్షము తన చరిత్రయందలి శిఖరమును అందుకొన్నది. 1962లో 18గా నుండిన దాని లోకసభ బలము 44కు పెరిగి, ప్రతిపక్షములన్నిటిలో మొదటిదైనది. ఆంధ్రప్రదేశ శాసనసభయందు 19 స్థానములు 29 అయినవి. సేన గెలిచినది, సేనాపతి ఓడినాడు.

అప్పుడు శ్రీకాకుళమున జరిగిన సంగతిని నేటి యువకులు తెలిసికొనుట మేలు. రంగాగారి శిష్యులు, బారువ గ్రామవాసులు సర్దార్ గౌతు లచ్చన్నగారు ఆ యెన్నికలలో సోంపేట శాసనసభస్థానమునుండియు, శ్రీకాకుళము లోకసభస్థానమునుండియు గెలిచిరి. లచ్చన్నగారు శాసనసభ్యత్వమును ఉంచుకొని, లోకసభస్థానమును వదలుకొనిరి. ఆ స్థానమునకు జరిగిన ఉపఎన్నికలో గుంటూరు మండలపు రంగాగారిని ఉత్తరాంధ్ర ఓటర్లు గెలిపించి పంపిరి. కల్లుగీత కార్మికుల పక్షమున జీవితమంతయు పోరాడిన వెనుకబడిన కులపు నాయకుడు, కమ్మరైతు కుటుంబమున పుట్టిన తన గురువునకు ఢిల్లీ ద్వారమును తెరచెను. కులమును లెక్కగట్టి టిక్కెట్లు పంచు నేటివారికి ఈ సంగతి ఏ లెక్కలో వేయవలెనో తోచదు. చిన్నపక్షములలో డబ్బు తక్కువ, పదవులు తక్కువ. కావుననే అప్పుడప్పుడు ఇట్టి విశ్వాసము అందు కనబడును.

ఇన్ని ఓటముల తరువాత మిగిలిన దేమని పాఠకులు అడుగుదురు. నాగపుర తీర్మానము దేశవ్యాప్తమైన శాసనముగా మారలేదు. ఇది స్వతంత్రపక్షపు ఘనతయే యని మేము చెప్పము. కాంగ్రెసులోపలనే ఆ తీర్మానమునకు మనసొప్పనివారు అనేకులుండిరి. అయినను లోపల గొణుగువారికి వెలుపల గట్టిగా మాటాడువాడు ఒకడుండుట ఎంత బలమో, ఉద్యమములలో స్వచ్ఛందసేవకులుగా తిరిగిన మాబోటివారు ఎరుగుదురు. సభలో చేయెత్తుటకు జంకువాడు, ముందు వరుసలో ఒక చేయి లేచినంతనే తానును ఎత్తును.

మా వృత్తికి సంబంధించిన సాక్ష్యము మరియొకటి కలదు. 1961లో సర్వోన్నత న్యాయస్థానము కేరళదేశపు భూశాసనమునుగూర్చి తీర్పు చెప్పుచు, రైతువారీ భూములు రాజ్యాంగమున 31-ఎ అధికరణమందలి ‘ఎస్టేటు’ అను పదములో చేరవని నిర్ణయించినది. ఆ తీర్పును దాటుటకై ప్రభుత్వము రాజ్యాంగమునకు పదునేడవ సవరణను తెచ్చినది. జమీందారునకు వర్తించిన నియమమే చిన్నరైతునకును వర్తించునట్లు ఆ సవరణ చేయుచున్నదని రంగాగారును వారి పక్షమును సభలోపలను వెలుపలను తీవ్రముగా ప్రతిఘటించిరి. సవరణ 1964లో అమలునకు వచ్చినది. కాని దానితోపాటు అదే అధికరణమున ఒక షరతు చేరినది: రైతు స్వయముగా సేద్యము చేసికొనుచు, చట్టము విధించిన గరిష్ఠపరిమితికి లోబడియున్న భూమిని ప్రభుత్వము తీసికొనదలచినచో, విపణివిలువకు తగ్గని నష్టపరిహారమును చెల్లింపవలెను. ఈ షరతును వ్రాయించినవాడు ఒక్కడని చెప్పుట సాధ్యము కాదు. అయినను ప్రతిఘటన లేనిచోట షరతులు పుట్టవన్నది మేము నిత్యము న్యాయస్థానములలో చూచు సంగతి. ఎదుటివాడు నోరెత్తని దావాలో తీర్పు ఏకపక్షముగనే యుండును. ఆ షరతు నేటికిని రాజ్యాంగమున నిలిచియున్నది. చిన్నపక్షమునకు వేసిన ఓటు ఏటిలో పిసికిన చింతపండే యైనచో, ఆ పులుపు ఇంతకాలము నిలువదు.

ప్రతివాది పక్షపు సాక్ష్యమునుకూడ వినక తీర్పు చెప్పరాదు. రంగాగారి రైతు ఎవరు? పొలముగల రైతు. ఆ పొలములో నాట్లు వేసిన కూలీ, పంటలో పాలు కొలిచి యిచ్చు కౌలుదారు, ఏడాదికి కుదిరిన పాలేరు వారి ‘రైతు’ అను మాటలో ఎంతవరకు ఇమిడిరి? జమీందారు ఎదుట నిలిచినప్పుడు వీరందరిని ఒక్క రైతాంగమనుట చెల్లినది. జమీందారు పోయిన తరువాత ఆ మాట చాలలేదు. కమ్యూనిస్టులకును వారికిని వైరము ముదురుటకు కారణములలో ఇది యొకటి. భూమి గలవాని స్వాతంత్ర్యమును కాపాడుటకు వారు చూపిన వాడిమి, భూమి లేనివానికి భూమి యెట్లు వచ్చునన్న ప్రశ్నకు సమాధానము చెప్పుటలో కనబడదు. పైగా స్వతంత్రపక్షపు వేదికపై ఇతర రాష్ట్రముల మాజీ సంస్థానాధీశులును, బొంబాయి వర్తకప్రముఖులును కూర్చుండిరి. వెనుకటి జమీందారీ వ్యతిరేకోద్యమపు నాయకుడు రాజులతో ఒక వేదికపై కూర్చుండుట చూచి నొచ్చుకొన్న పాత అనుచరులను మేము తప్పు పట్టజాలము.

కడపటి పునరాగమనము మరింత కఠినమైన ప్రశ్న. 1971 ఎన్నికలలో ఇందిరాగాంధిగారి గాలికి స్వతంత్రపక్షము 44 స్థానములనుండి 8కి పడిపోయినది. రంగాగారు ఆ లోకసభలో లేరు. కొంతకాలమునకు మరల కాంగ్రెసున చేరిరి. 1977లో రాజ్యసభకును, 1980, 1984, 1989 సంవత్సరములలో గుంటూరునుండి లోకసభకును వెళ్లిరి. 1951లోను 1959లోను కాంగ్రెసును విడిచినప్పుడు వారు అధికారమునుండి అరణ్యమునకు నడచిరి. 1971 తరువాతి నడక అరణ్యమునుండి అధికారమునకు. ఏ కాంగ్రెసు ఆర్థికవిధానము రైతునకు కీడని పండ్రెండేండ్లు వాదించిరో ఆ కాంగ్రెసు అప్పటికి తన విధానమును సడలింపలేదు. 1973లో మన రాష్ట్రమున భూపరిమితి చట్టము మరింత బిగిసినది కూడ. కావున మార్పు పక్షమందు కాక వారియందే కలిగినదని చెప్పక తప్పదు. వృద్ధాప్యమా, నిరాశయా, సభలో నిలిచి మాటాడు అవకాశమే లేనిచో రైతునకు ఏమి చేయగలనన్న ఆలోచనయా? మనసులోని మాటకు సాక్ష్యము దొరకదు. ఈ యంశమున వారిపై ఆరోపణ రుజువైనదనియే మేము వ్రాసికొనుచున్నాము.

ఐనను విధి చేసిన పరిహాసమొకటి చూడుడు. స్వతంత్రపక్షమున మిగిలినవారు 1974లో భారతీయ లోక్‌దళమున కలిసిరి. 1977లో ఆ దళము జనతాపక్షమున కలిసినది. 1978లో నలుబది నాలుగవ సవరణచేత ఆస్తిహక్కును ప్రాథమికహక్కులనుండి తొలగించినది ఆ జనతాపక్షపు ప్రభుత్వమే. ఏ హక్కును కాపాడుటకు స్వతంత్రపక్షము పుట్టెనో, ఆ హక్కు ఆ పక్షపు వారసులు కూర్చున్న సభలోనే సాధారణ చట్టహక్కుగా దిగజారినది. రంగాగారు కాంగ్రెసునకు పోయినందున ఆశయము చెడినదనువారు దీనికి ఏమందురు? పోక నిలిచినవారి యింటను ఆశయము నిలువలేదు. చిన్నపక్షమునకు ప్రమాదము ఓటమివలన వచ్చుటకన్న, పెద్ద కూటమిలో కరగుటవలన వచ్చుట ఎక్కువ.

ఇపుడు మన కాలమునకు వత్తము. 1985లో రాజ్యాంగమునకు పదవ అనుబంధము చేరినది. తన పక్షమును స్వచ్ఛందముగా వదలుకొన్న సభ్యుడును, పక్షపు ఆజ్ఞను మీరి ఓటు వేసిన సభ్యుడును సభ్యత్వమును కోల్పోవలెనని అది శాసించుచున్నది. ఆ శాసనము ఏ రోగమునకు మందుగా వచ్చెనో మనకు తెలియనిది కాదు. కాని మందు ఎట్లు పనిచేసినది? గుంపులు గుంపులుగా పోవువారు విలీనమను పేరున తప్పించుకొనిరి. ఫిర్యాదులను సభాపతులు ఏండ్ల తరబడి బల్లక్రింద నుంచిన సంగతులు మన రెండు తెలుగు రాష్ట్రములలోను చూచితిమి. మనస్సాక్షి చెప్పినందున ఒంటరిగా లేచి నిలుచు సభ్యుడు మాత్రము తప్పించుకొను దారి లేక చిక్కుకొనును. 1959 నాటి రంగాగారిని పట్టుకొని, నేటి ఫిరాయింపుదారుని వదలుచున్న వల యిది. శాసనమునకు దిక్కు తెలియదు. పోయినాడా, పోలేదా యనియే అది చూచును.

దిక్కును చూడవలసినవారు ఓటర్లు. మా తీర్పు ఇది. పక్షము మార్చుట దానంతట అది నేరము కాదు. మార్చినవాడు ఏమి విడిచిపోయెను, ఏమి పొందుటకు పోయెనన్న రెండు ప్రశ్నలు వేసి చూడవలెను. ఈ కొలతచేత కొలిచినప్పుడు రంగాగారి జీవితమున రెండు నిష్క్రమణములు గౌరవార్హములుగను, మొదటి పునరాగమనము వివాదాస్పదముగను, రెండవది లోపముగను కనబడుచున్నవి. అరువది సంవత్సరముల ప్రజాజీవితమున ఇంతకన్న మంచి పద్దు చూపగలవారు మన నాయకులలో ఎందరు కలరు? అట్లే చిన్నపక్షమునకు వేసిన ఓటు వ్యర్థమా కాదా యన్నది గెలిచిన స్థానముల సంఖ్యచేత తేలదు. పెద్దపక్షములు రెండును మాటాడ నిచ్చగింపని ప్రశ్నను ఆ చిన్నపక్షము సభలో నిలిపినదా, లేదా? నిలిపినచో ఆ ఓటు తన పనిని చేసినట్లే.

రంగాగారు 1995 జూనులో దివంగతులైరి. అంతకు నాలుగేండ్లముందు పద్మవిభూషణ బిరుదము వారికి లభించినది. రాష్ట్రపు వ్యవసాయ విశ్వవిద్యాలయమునకు వారి పేరు పెట్టిరి. గుంటూరు చెంత లాం గ్రామమున ఆ పేరు నేటికిని వెలయుచున్నది. శిలాఫలకములపై పేరు చెక్కుట సులభము. అందరును చప్పట్లు కొట్టుచున్న సభలో లేచి, ఈ తీర్మానము రైతునకు కీడు చేయునని చెప్పి వెలుపలికి నడచుట సులభము కాదు. రాబోవు ఎన్నికలలో పాఠకమహాశయులు ఓటు అడుగవచ్చినవానిని ఆ రెండు ప్రశ్నలును అడుగుదురు గాక. ఏమి విడిచి వచ్చితివి? ఏమి కోరి వచ్చితివి? సమాధానము చెప్పలేనివాడు ఏ జెండా పట్టినను ఒక్కటే.